అలల వేళలు

సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్లో సముద్రంలో కాలు పెట్టని పిల్ల ఒకతె ఉండేది. పేరు ముత్యాలు. వయసు తొమ్మిదేళ్లు.

ఆమె తండ్రి ఎల్లాజీ ఒకప్పుడు పడవ మీద వేటకు వెళ్లేవాడు. ముత్యాలు పుట్టిన ఏడాది పడవ తిరగబడి అతని తమ్ముడు దానయ్య పోయాడు. అన్న చేతిలోంచే తమ్ముడి చెయ్యి జారింది. ఆ తర్వాత ఎల్లాజీ మళ్లీ పడవ ఎక్కలేదు. ఐసు ఫ్యాక్టరీలో పనికి కుదిరి, కొండకు ఇవతల ఇల్లు తీసుకున్నాడు. ఆ ఇంట్లో సముద్రం మాట ఎవరూ ఎత్తేవారు కారు. బస్సు కిటికీలోంచి దూరంగా నీలం గీత కనబడి అదేమిటని పిల్ల అడిగితే, తల్లి పైడమ్మ "నీళ్లు" అని ఊరుకునేది.

పిల్ల ఊరుకోలేదు. బళ్లో అందరూ చూశారట, తనే చూడలేదట. "నాకు సముద్రం సూపించు నాన్నా" అని వారం రోజులు వెంటబడింది.

ఆ మధ్యే ఊరి చివర ఎత్తైన గోడల మధ్య ఒక పార్కు కట్టారు. సముద్రంలో ఉండేవన్నీ అందులో ఉన్నాయని చెప్పుకుంటున్నారు. గేటు మీద పెద్ద అక్షరాలతో రాశారు: 'భయం లేని సముద్రం'. ఎల్లాజీ ఫ్యాక్టరీ నుంచి వస్తూ ఆ మాటలు రెండుసార్లు చదివాడు. ఆదివారం భార్యనూ పిల్లనూ తల్లి కాసమ్మనూ వెంటబెట్టుకుని బయల్దేరాడు.

కాసమ్మ ఇప్పటికీ తెల్లవారకముందే హార్బరుకు వెళ్లి, తట్టలో చేపలు తెచ్చి వీధుల్లో అమ్మేది. చేపలు చూడ్డానికి టిక్కెట్టేమిటో ఆమెకు అర్థం కాలేదు. అయినా మనవరాలి మొహం చూసి కొత్త చీర కట్టుకుంది.

లోపల అద్దాల సొరంగం ఉంది. నెత్తి మీద నీళ్లు, నీళ్లలో చేపలు. అద్దం పక్కన పలకల మీద వాటి పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి. కాసమ్మ పలకల వంక చూడలేదు. "ఇది పార. అది టేకు, తోకతో కొడితే మూడ్రోజులు జొరం. ఆ మూలనున్నాది సొర, బాలింతలకి మంచిది" అని మనవరాలికి చెప్తూ నడిచింది. కొంచెంసేపటికి ఎవరెవరి పిల్లలో ఆమె వెనకాల చేరారు. వాళ్ల తల్లిదండ్రులూ చేరారు.

"నీకివన్నీ ఎలా తెల్సు నాన్నమ్మా?" అంది ముత్యాలు.

"ఒక ఊరోళ్లం గదే" అంది కాసమ్మ.

ఎల్లాజీ పిల్ల మణికట్టు పట్టుకుని ముందుకు నడిచాడు.

మధ్యాహ్నానికి అలల కొలను దగ్గరికి చేరారు. అడుగున నీలం రంగు వేసిన పెద్ద కొలను. అరగంటకోసారి అలలు వస్తాయని గట్టు మీద వేళలు రాసి ఉన్నాయి. కొలను చివర ఒక పసుపు గీత. అల ఎంత పెద్దదైనా ఆ గీత దాటదు.

ఎల్లాజీకి ఆ గీత చాలా నచ్చింది. లుంగీ పైకి కట్టి, తొమ్మిదేళ్లలో మొదటిసారి నీళ్లలో దిగాడు. వెనకే పిల్లా, ఆడవాళ్లిద్దరూ దిగారు. సైరను కూత మోగింది. అలలు వచ్చాయి. ముత్యాలు కేరింతలు కొట్టింది. అల ఆమె మోకాళ్లు తడిపి, గీత దాకా వెళ్లి, బుద్ధిగా వెనక్కి మళ్లింది.

"ఇదే సముద్రం. సూసేవు గదా" అన్నాడు ఎల్లాజీ. పైడమ్మ అతని మొహం చూసింది.

అప్పుడు కరెంటు పోయింది.

లేచిన అల లేచినట్టే కూలబడింది. పొద్దుట్నుంచీ మైకులో మోగుతున్న పాటలు ఆగిపోయాయి. కొలనులో ఉన్న వందమందీ కదలని నీళ్లలో నిలబడి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ నిశ్శబ్దంలో గోడ అవతల నుంచి ఏదో వినిపించింది. ఎవరో పెద్ద మనిషి తొందరేమీ లేకుండా ఊపిరి తీసి వదులుతున్నట్టు ఉంది.

"అదేటి నాన్నా?" అంది ముత్యాలు.

ఎల్లాజీ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు.

కొలను కాపలాదారు, నడివయసు మనిషి, గట్టు మీద కుర్చీలోంచి లేచాడు. "ఎవరూ కదలకండి. జనరేటరు వేస్తున్నారు. పది నిమిషాల్లో అలలు వచ్చేస్తాయి" అన్నాడు.

"ఆ సప్పుడు దేనిది?" అని పిల్ల అతన్ని అడిగింది.

"ఏమీ లేదమ్మా. అటు సముద్రమే" అన్నాడు అతను.

గోడకు చిన్న ఇనుప తలుపు ఉంది. పనివాళ్లు చెత్త బయటికి తీసుకెళ్లే తలుపు. కాసమ్మ నీళ్లలోంచి పైకి వచ్చి, చీర కుచ్చెళ్లు పిండుకుని, ఆ తలుపు వైపు నడిచింది.

"అమ్మా, వద్దు" అన్నాడు ఎల్లాజీ.

ఆమె వెనక్కి తిరగలేదు. గడియ తీసింది. తలుపు నిండా వెలుతురు వచ్చింది. పిల్ల అటు లాగింది. పైడమ్మ కూడా నడిచింది. మణికట్టు వదలలేక ఎల్లాజీ వాళ్ల వెనక వెళ్లాడు.

తలుపు అవతల ఇసుక. ఇసుక అవతల సముద్రం. దానికి చివర లేదు. తడి ఇసుక అంచున ఎల్లాజీ ఆగిపోయాడు.

కాసమ్మ నీళ్లలో చీలమండల దాకా దిగి నిలబడింది. "ఒరే, తొమ్మిదేళ్లయింది. హార్బరుకెళ్లిన ప్రతి దినమూ దీన్ని తిట్టి వచ్చేదాన్ని. నా కొడుకుని మింగేవే అని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. ఈ మజ్జనే తిట్లు తగ్గేయి" అంది. కొడుకు వంక తిరిగి, "నువ్వు తిట్టడానికైనా రానేదు" అంది.

ఎల్లాజీ సముద్రాన్ని చూశాడు. అతని పెదాలు కదిలాయి. తిట్టాడో, తమ్ముణ్ణి పిలిచాడో, హోరులో ఎవరికీ వినబడలేదు. చాలాసేపు ఏడ్చాడు. పైడమ్మ అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది.

తర్వాత అతను మణికట్టు వదిలి పిల్ల వేళ్లు పట్టుకున్నాడు. పైడమ్మతో కలిసి ముగ్గురూ దిగారు. అల వచ్చి వాళ్ల కాళ్లు తడిపి, కాళ్ల కింద ఇసుక కొంచెం తీసుకుపోయింది. ముత్యాలు ఈసారి కేకలు వెయ్యలేదు.

"దీన్నెప్పుడు ఆపుతారు నాన్నా?" అంది నెమ్మదిగా.

"దీన్నెవరూ ఆపరమ్మా" అన్నాడు ఎల్లాజీ.

అంతలో గోడ లోపల కూత మోగింది. పాటలు మొదలయ్యాయి. కాపలాదారు ఇనుప తలుపులోంచి తల బయటపెట్టి చెయ్యి ఊపాడు.

"అక్కడేం చేస్తున్నారు? తొందరగా రండి, అలలొచ్చేశాయి!"

నలుగురూ వెనక్కి తిరిగి అతన్ని చూశారు. ఒక పెద్ద అల వాళ్ల మోకాళ్ల మీదుగా దొర్లి, అతను నిలబడ్డ చోటికి చాలా దగ్గరగా వెళ్లి వచ్చింది.

"నువ్వే రా బాబూ" అన్నాడు ఎల్లాజీ.

కాపలాదారు లోపలికి చూశాడు. మళ్లీ బయటికి చూశాడు. తలుపు మూసుకోకుండా దానికి ఒక రాయి అడ్డం పెట్టాడు. తర్వాత గడప మీద కూర్చుని, బూట్ల లేసులు విప్పుకోవడం మొదలుపెట్టాడు.