గదికి రెండు వేల గాలి

రామచంద్రపురం మొత్తానికి బుర్రలున్నవి మూడే మూడని, ఆ మూడూ తమ ఇంట్లోనే ఉన్నాయని చిట్టబ్బాయిగారి గట్టి నమ్మకం. ఒకటి ఆయనది, రెండోది భార్య మంగతాయారుది, మూడోది కూతురు రత్నావళిది. వాడకం తక్కువ కాబట్టి మూడూ కొత్తవాటిలాగే ఉన్నాయి.

సాక్ష్యం కావాలా? రెండేళ్ళ క్రితం హాల్లో ఫ్యాను బాగుచేసిన ఎలక్ట్రీషియన్ "నేను మళ్ళీ వచ్చేదాకా ఈ స్విచ్చి ముట్టుకోకండి" అని చెప్పి, అటునుంచి అటే మస్కట్ వెళ్ళిపోయాడు. అంతే, ఆ ఫ్యాను నేటికీ తిరుగుతూనే ఉంది. చలికాలంలో ముగ్గురూ దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ దాని కింద కూర్చుంటారు. "మాటకి విలువివ్వడం మా ఇంట్లో చూడాలండి" అంటారు చిట్టబ్బాయిగారు, ముక్కు తుడుచుకుంటూ.

ఇలాంటి ఇంటికి అల్లుడయ్యాడు హరనాథ్. ఏ జన్మలో ఏం చేశాడో పాపం. అతనికి విశాఖపట్నంలో కొత్త ఉద్యోగం వచ్చింది. ఆ రోజు అత్తారింట్లోనే ఉన్నాడు, మర్నాడు పొద్దున్న పదింటికల్లా అసలు సర్టిఫికెట్లు చూపించి చేరాలి. లేకపోతే ఆ ఉద్యోగం వరసలో రెండోవాడికి పోతుంది. మధ్యాహ్నం రెండింటికి ఆటో చెప్పుకున్నాడు, సామర్లకోటలో రైలెక్కాలి. భోజనానికింకా టైముంది కదా అని, కాలక్షేపానికి పెట్టెలోంచి ఓ ఆట తీశాడు. ఆ రోజు మొదటి తెలివితక్కువ పని మాత్రం అతనిదే, ఒప్పుకోవాలి.

"ఇది ఊహించుకుని ఆడే ఆటండి. ఈ ఇల్లే మన అంతరిక్ష నౌక. చుక్కల మధ్య సరుకులు మోస్తాం. బయట గాలుండదు, తలుపు తీస్తే అందరం చస్తాం. లోపల గాలికీ నీళ్ళకీ తిండికీ కలిపి గదికి నెలకి రెండు వేలు కట్టాలి."

"ఊహించుకుని" అన్న దగ్గర ముగ్గురూ శ్రద్ధగా తలూపారు. తర్వాత ఆ సంగతి మర్చిపోయారు.

"మనిషికా, గదికా?" అన్నారు చిట్టబ్బాయిగారు.

"గదికేనండి. మనుషులున్నా లేకపోయినా."

"నాలుగు గదులకి ఎనిమిది వేలా! వట్టి గాలికి! మంగా, తాళాలట్రా!"

ఇంకేముంది? పడగ్గదులు రెండూ మూసేశారు. సర్టిఫికెట్లున్న హరనాథ్ పెట్టె అందులో ఒకదాంట్లో ఉండిపోయింది. మూడో తాళం వంటింటికి పడింది. లోపల పొయ్యి మీద కుక్కరుంది, పక్కన గోంగూర మాంసం ఉంది. హరనాథ్ ప్రాణమంతా అక్కడే ఉంది. అయినా మొదట నవ్వాడు, ఆటలో భలే లీనమయ్యారే అనుకున్నాడు. కుక్కరు కూత వేసేసరికి నవ్వు కాస్త తగ్గింది.

"అత్తయ్యగారూ, కుక్కరండీ..."

"కుక్కరేంటండి అల్లుడుగారూ! పక్క నౌకోళ్ళు హారను కొడతన్నారు. దారిమ్మంటన్నారు."

ఏడో కూతకి ముగ్గురూ కలిసి సోఫాని గోడవార జరిపి మర్యాదగా దారిచ్చారు. కాసేపటికి మాడు వాసన వచ్చింది, కూతలు ఆగిపోయాయి. "ఎల్లిపోయారు. పొగ చూసారా?" అంది మంగతాయారు. గ్యాసు అయిపోయిందన్నమాట. లేకపోతే ఈ కథ కూడా ఇక్కడే అయిపోయేది.

ఆకలి మీదున్న హరనాథ్ ఆట త్వరగా తెమిల్చేద్దామనుకున్నాడు. "ఆ రెండు వేలు కూడా మీ దగ్గర లేవండి. నౌకలో గంట గాలే మిగిలింది. ఓడిపోయారు, ఇంక లేవండి!"

అంతే. ముగ్గురూ గబుక్కున ముక్కులు మూసుకున్నారు. రత్నావళి వేళ్ళతోనే వంతులు పంచింది. నాన్న పీలిస్తే అమ్మ ఆపాలి, అమ్మ పీలిస్తే తను ఆపాలి. చిట్టబ్బాయిగారు తన వంతెప్పుడో మర్చిపోయి వంకాయ రంగుకి తిరిగారు.

"పీల్చండి మావయ్యగారూ!"

"తవరి వంతులోంచి ఇస్తారేంటి?" అన్నారాయన. ఆ మాటకి గాలి ఖర్చయిందని వెంటనే నాలిక్కరుచుకున్నారు.

ఇంతలో రత్నావళి ఆట పుస్తకం తిరగేసింది. "నాన్నా, చలిపెట్టెలో పడుకున్న మనిషికి నెలకి వందే అంట!"

ఇంకేముంది? హాల్లో ఉన్న ఫ్రిజ్జు ఖాళీ చేశారు. పెరుగు, కొబ్బరికాయలు, కరివేపాకు కట్టలు నేల మీదకొచ్చాయి. చిట్టబ్బాయిగారు లోపలికి దూరబోయారు. పొట్ట ఒప్పుకోలేదు. చివరికి కుర్చీ వేసుకుని, మోకాళ్ళ దాకా కాళ్ళు రెండూ లోపల పెట్టారు. "పావు మనిషి ఖర్చు తగ్గింది" అని రత్నావళి తేల్చింది. తన భార్యకి ఇంత లెక్కలొచ్చని హరనాథ్‌కి ఆ రోజే తెలిసింది.

సరిగ్గా రెండింటికి బయట ఆటో ఆగింది. "సార్, టైమైపోతందండి! రైలెల్లిపోద్ది!" అని డ్రైవరు తలుపు బాదాడు. హరనాథ్ లేచాడు. మంగతాయారు తలుపుకి అడ్డంగా పడిపోయింది.

"మమ్మల్ని చంపేత్తారా బాబూ? బయట గాలి లేదని తవరే అన్నారు కదా!"

"మరి అతనెలా అరుస్తున్నాడండీ?"

"ఆఖరి ఊపిరండి పాపం. తవర్ని పిలవడానికని దాచుకున్నాడు" అంది ఆవిడ. రత్నావళి కళ్ళొత్తుకుంది.

హరనాథ్‌కీ ఏడుపొచ్చింది, వేరే కారణానికి. ఉద్యోగం కళ్ళ ముందే రెండోవాడి చేతుల్లోకి పోతోంది. చివరికి తెగించి అరిచాడు. "నౌక రేవు చేరింది! బయటంతా గాలే!"

"గాలి బాకీ తీరకుండా దిగనిత్తారా ఎక్కడన్నా?" అన్నారు చిట్టబ్బాయిగారు, ఫ్రిజ్జు దగ్గర్నుంచి. హరనాథ్ ఆటలోని రంగు కాయితాలు ఇవ్వబోతే ఆయనకి కోపమొచ్చింది. "నిజం గాలికి బొమ్మ నోట్లా!"

హరనాథ్ పర్సులోంచి నిజం రెండు వేలు తీసిచ్చాడు. పుచ్చుకునేటప్పుడు మాత్రం మావగారి బుర్ర భలే పనిచేసింది. ఒక్కో నోటూ వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. తాళాలు ఊడాయి. "పెట్టె సర్ది తెత్తానుండండి" అని రత్నావళి లోపలికి వెళ్ళింది, వెనకాలే అమ్మా నాన్నా వెళ్ళారు. పావుగంటకి పెట్టె తెచ్చి చేతికిచ్చారు, ముగ్గురూ ఎందుకో ఆయాసపడుతూ. తేలిగ్గా ఉందేమిటని కూడా చూసుకోకుండా హరనాథ్ ఆటోలో పడ్డాడు. రైలు దొరికింది. మర్నాడు పదింటికి ఐదు నిమిషాల ముందే ఆఫీసులో ఉన్నాడు.

"ఒరిజినల్సు చూపించండి" అన్నారు ఆఫీసరుగారు.

హరనాథ్ పెట్టె తెరిచాడు. లోపల బట్టల్లేవు, కాయితాల్లేవు. మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచులు, గాలి నింపినవి, బుసబుసా పైకి లేచాయి. ఒక్కోదాని మీదా రత్నావళి ముత్యాల్లాంటి రాత: "పొద్దుటికి", "టిఫినయ్యాక", "మెట్లెక్కేటప్పుడు". ఒకటి ఆఫీసరుగారి ముక్కు ముందు టప్పున పేలింది.

హరనాథ్ అత్తారింటికి ఫోన్ చేశాడు.

"అందిందా అల్లుడుగారూ!" చిట్టబ్బాయిగారి గొంతు గదంతా వినబడింది. "తవరు నెలకి కట్టారు, పీల్చింది గంట. మిగిలిందంతా తవరిదే. అల్లుడి సొమ్ము మాకెందుకండి? ముగ్గురం ఊదూది కట్టాం."

"నా సర్టిఫికెట్లేవండీ?"

"ఊదడానికి గొట్టాలు కావాలి కదండి! అవే చుట్టి ఊదాం. డిగ్రీ కాయితం భలే గట్టిది, ఎక్కడా చిరగలేదు. అచ్చరాలు నానిపోయాయంతే."

ఆఫీసరుగారు బెల్లు కొట్టి, వరసలో రెండోవాణ్ణి పంపమన్నారు. ఫోన్లో మావగారు ఇంకా అభయమిస్తూనే ఉన్నారు.

"గాలి చాలకపోతే మొహమాటపడకండి. తవరి పదో తరగతి సర్టిఫికెట్టు ఇంకా పొడిగానే ఉంది!"