టోపీలు కుట్టే అవ్వ, ఇల్లు కోరిన రాజు

ఒకానొక రాజ్యంలో... రాజ్యం అని రాజుగారే అనేవారు, జనం మాత్రం దాన్ని 'మా ఊరు' అనే అనేవారు. రష్యా దేశపు ఉత్తర భాగంలో, మంచూ బురదా తప్ప మూడో కాలం ఎరగని వర్తక నగరం అది.

అక్కడ రాజరికం తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది కాదు. ఊరంతా సభ చేరి, ఎక్కడినుంచో ఒక రాజును పిలిపించి కొలువులో పెట్టుకునేవారు. నచ్చకపోతే సాగనంపేవారు. షరతు ఒక్కటే. రాజు ఊరి బయట కోటలో ఉండాలి, ఊళ్ళో అతనికి సొంత ఇల్లు ఉండకూడదు. బొరిమిర్ రాజు కూడా శిలువను ముద్దాడి, అలాగేనని ప్రమాణం చేశాడు.

కాని అతను ఏరు దాటాక తెప్ప తగలేసే రకం. ఒకనాడు వంతెన పక్కనున్న మిలూష ఇంటి మీద కన్నేశాడు. మిలూష టోపీలు కుట్టుకు బతికే ముసలమ్మ. ఆ ఇల్లు తప్ప ఆవిడకు నిలువ నీడ లేదు.

"అవ్వా, ఈ కిటికీలోంచి నది బాగా కనబడుతుంది. రేపటికి ఖాళీ చెయ్యి," అన్నాడు రాజు.

"చిత్తం ప్రభూ," అంది మిలూష.

వీధివాళ్ళు మండిపడి, ఊరిని సభకు పిలిచే గంట కొడదామన్నారు. గంట కొడితే కత్తులు లేస్తాయని ఆవిడకు తెలుసు.

"ఉండండర్రా. ముందు ఆయన్ని కాపురం పెట్టనివ్వండి. మీరు మాత్రం ఒక బండి కట్టి ఉంచండి," అంది.

మర్నాడు రాజు సపరివారంగా దిగాడు. గుమ్మంలో మిలూష గొడ్డలి పట్టుకుని నిలబడి ఉంది. భటులు ఉలిక్కిపడ్డారు.

"దుంగలు నరకడానికి నాయనా," అని గొడ్డలి రాజు చేతికిచ్చింది. "ఇంటి ముందు వీధిలో దుంగలు పరచాల్సింది ఆ ఇంటివాడే. నిరుటివన్నీ బురదలో దిగబడ్డాయి. ఎండెక్కకముందే మొదలుపెట్టు."

రాజు ముఖం కందగడ్డయింది. "నన్ను పట్టుకుని నాయనా అంటావా? నేను రాజును!"

"నిన్నటిదాకా ప్రభూ అన్నాను కదా. రాజుకు ఊళ్ళో ఇల్లుండదని నువ్వే ప్రమాణం చేశావు. ఇవాళ నీకు ఇల్లుంది. అంటే నువ్వు మా వీధివాడివి, మాకు రాజు లేడు. అదిగో, ఇంకొకర్ని పిలుచుకురావడానికి బండి కూడా కట్టారు. 'తొందరపడకండి, ఆయనకేది కావాలో అడుగుదాం' అని వీళ్ళను నేనే ఆపాను. చెప్పు నాయనా, ఇల్లా, కొలువా?"

రాజు బండి వంక చూశాడు. చేతిలో గొడ్డలి వంక చూశాడు. కాసేపటికి నవ్వు ఆపుకోలేకపోయాడు.

"అవ్వా, నా ప్రమాణంతోనే నన్ను కట్టేశావు. ఇల్లు నీదే. గడప తొక్కినందుకు ఒక దుంగ వేసి పోతాను," అన్నాడు. అంగీ ఎగ్గట్టి, బురదలో దిగి, అన్నమాట ప్రకారం ఒక దుంగ వేశాడు. తన నెత్తిమీది నల్లనక్క తోలు టోపీ తీసి ఆవిడకు బహుమతిగా ఇచ్చాడు.

మిలూష టోపీ తిరగేసి చూసింది. "తోలు మంచిదే ప్రభూ. కుట్టే బాగాలేదు," అంది.

రాజుగారి సవారీ వంతెన దాటిందో లేదో, ఆయన వంకరగా వేసిన దుంగను పీకించి సరిగ్గా వేయించింది.