ముక్కు పగలగొట్టని రాతిచిలుక

అనగనగా, ఏడు సముద్రాలకు ఆవల, మాయా జనుల దేశంలో బాలమ్ అని ఒక రాజు. ఎర్రగుడి మీద నీలిగుడి లేపిన ఏడాది, తొలివాన కురిసిన రోజున ఆ రాజుకి అన్యాయం జరిగింది. చేసినవాడు మూవాన్ అనే మాంత్రికుడు. చూస్తూ ఊరుకున్నది ఊరంతా. ఊరుకోనిది ఒక్కతే, రాజుగారి కూతురు ఇష్‌నిక్.

ఆ దేశపు గుళ్ళు మన గుళ్ళలా ఉండవు పిల్లలూ. మెట్ల మీద మెట్లు, మెట్ల మీద మెట్లు, కొండంత ఎత్తు. కొసన ఒక చిన్న గది. గుడి పాతబడితే పడగొట్టరు. దాని చుట్టూ, దాని పైనా కొత్తగుడి కట్టేస్తారు. మామిడిపండులో టెంకలా పాతగుడి లోపలే ఉండిపోతుంది. అయితే మూసేముందు ఒక ఆచారం ఉంది. గోడల మీద చెక్కిన ప్రతి మొహానికీ రాజే స్వయంగా ముక్కూ కళ్ళూ పగలగొట్టాలి. బొమ్మల్లో ప్రాణం ఉంటుందని వాళ్ళ నమ్మకం. ముక్కు పగిలితే ఆ ప్రాణం బయటికి పోతుంది. పగలకపోతే లోపలే కూర్చుంటుంది.

ఆ పనికే సుత్తి పట్టుకుని ఎర్రగుడిలోకి వెళ్ళాడు రాజు. తిరిగొచ్చింది మాత్రం మూవాన్.

"రాజుగారు దేవుడైపోయారు. అదిగో!" అన్నాడు.

గుడి ముందు మైదానంలో, అచ్చం రాజు పోలికతో నిలువెత్తు రాయి. జనం సాగిలపడ్డారు. ఇష్‌నిక్ సాగిలపడలేదు. రాయి చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఉలిదెబ్బ ఒక్కటీ కనపడలేదు. కింద తేదీ కూడా లేదు. ఆ దేశంలో తేదీ చెక్కకుండా ఎవరూ రాయి నిలబెట్టరు. చెక్కినవాడు లేని రాయి, రోజు లేని రాయి. ఇది రాయి కాదు, మా నాన్న అనుకుంది.

మూవాన్ సింహాసనం ఎక్కాడు. పక్కనే బంగారు పంజరంలో పెద్ద ఎర్రచిలుకను పెట్టుకున్నాడు.

"నీడపాము దిగే రోజున మన పెళ్ళి, రాకుమారీ!" అన్నాడు.

ఏడాదిలో కొద్దిరోజులే, సాయంత్రపు ఎండకి మెట్ల అంచుల నీడ వంకర్లు తిరుగుతూ, పాము దిగినట్టు గుడి మీంచి దిగుతుంది. ఆ రోజు దగ్గర్లోనే ఉంది. ఈలోపు నాన్నను విడిపించుకోవాలి, లేదా వాడి మెడలో దండ వెయ్యాలి.

అప్పుడే ఏడు సముద్రాలు దాటి ఒక రాజకుమారుడు దిగాడు. ఇష్‌నిక్ వాణ్ణి కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వు మూవాన్ మనిషివి కావని ఏమిటి నమ్మకం?"

"నా పేరు మణిధరుడండీ. ముగ్గురన్నదమ్ముల్లో చివరివాణ్ణి. మీ నాన్నగారి పక్కన ఈమధ్య కొత్తగా లేచిన ఆ రెండు రాళ్ళూ మా అన్నలు."

"ఏం వెలగబెట్టి రాళ్ళయ్యారు?"

"మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటుందని మా దేశంలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. పెద్దన్న పంజరంలో చెయ్యి పెట్టాడు. చిన్నన్నా పెట్టాడు. రేపు నేను..."

ఇష్‌నిక్ పగలబడి నవ్వింది. "లోకమంతటికీ తెలిసిన చోట, సింహాసనం పక్కన, బంగారు పంజరంలో ప్రాణం పెట్టుకుంటాడా? అది ప్రాణం కాదు నాయనా, ఎర. మీ అన్నలు చేపలు."

మరి ప్రాణం ఎక్కడుంది? ఇష్‌నిక్ మూవాన్‌ను కనిపెట్టి చూడసాగింది. మొహం చూస్తే నవ్వు. మాట వింటే తేనె. గోళ్ళు చూస్తే ఎరుపు! ఊళ్ళో ఏడాదిగా నూరుతున్నదంతా నీలిరంగే. ఎర్రరంగుతో ఏం పని వీడికి? ఎర్రగుడి మూసేశారు కదా!

రాళ్ళ సందుల్లో తిరిగే ఉడుమును అడిగింది.

"నీకెందుకు చెప్పాలి? మీ మనుషులు నన్ను చూస్తే కూర వండుకుంటారు. నిన్ను నమ్మను," అంది ఉడుము.

"నేనూ నిన్ను నమ్మడం లేదులే. ఇక చెప్పు."

ఉడుముకి ఆ మాట నచ్చింది. "మెట్ల వెనక ఒక రాయి కదులుతుంది. అక్కణ్ణుంచి ఎర్రగుడిలోకి దారి. వాడు రోజూ రంగుగిన్నెతో దూరతాడు," అంది.

నీడపాము దిగే రోజు వచ్చింది. ఇష్‌నిక్ మణిధరుడితో అంది:

"చెయ్యి పంజరం దాకా తీసుకెళ్ళు. లోపల పెట్టకు. వాడి చూపు నీ చేతిమీదే ఉండాలి."

"ఎంతసేపు?"

"నా పనయ్యేదాకా."

"కాకపోతే?"

"మీ అన్నల పక్కన చోటుంది."

జనమంతా మెట్లకేసి చూస్తున్నారు. మూవాన్ మణిధరుడి చేతికేసి చూస్తూ గుటకలు మింగుతున్నాడు. ఇష్‌నిక్ దివిటీ పట్టుకుని రాయి వెనక దూరింది.

రెండువైపులా గోడల రాళ్ళు ఒకదానికన్నా ఒకటి ముందుకు జరిగి, పైన కొసలు కలుపుకుని కప్పయ్యాయి. దాని కింద ఎర్రగుడి. సూర్యుడి మొహం, ముక్కు పగిలి ఉంది. చిరుతపులి మొహం, ముక్కు పగిలి ఉంది. మూడోది పెద్ద చిలుక. ముక్కు నిక్షేపంగా ఉంది. ఒంటిమీద తడి ఆరని ఎర్రరంగు! దాని ముందు నేలమీద నాన్న సుత్తి.

ఇష్‌నిక్ సుత్తి ఎత్తింది.

"రాకుమారీ! కొట్టకు! నేను మీ నాన్నని. ఈ రాతిలో ఉన్నాను," అంది చిలుక.

చెయ్యి ఆగింది. నిజంగా నాన్నే అయితే?

"మా నాన్న నన్ను ఏమని పిలిచేవాడు?"

"రాకుమారీ... సుందరీ... దేవీ..."

"చిలకవి కదా, పెంచినవాడి మాటలే వస్తాయి," అని ఇష్‌నిక్ ఒక్కటిచ్చింది. ముక్కు ఎగిరిపడింది.

బయట మూవాన్ తడిసిన సున్నంలా సింహాసనం మీదే జారిపోయాడు. మూడు రాళ్ళూ ఒళ్ళు విరుచుకున్నాయి. దుమ్ముకొట్టుకుని బయటికొచ్చిన కూతుర్ని చూసి రాజు అన్న మొదటిమాట: "మొండిఘటమా, నా సుత్తేదీ?"

అంతసేపు తనకి తెలియని కన్నీళ్ళు ఇష్‌నిక్‌కి అప్పుడొచ్చాయి.

మణిధరుడి చెయ్యి ఇంకా పంజరం దగ్గరే ఉంది. "దించొచ్చా?" అన్నాడు. చెప్పిన చోట చెయ్యి ఆపిన మగవాణ్ణి ఇష్‌నిక్ అంతవరకూ చూడలేదు. "దించి ఇలా ఇవ్వు," అంది. ఆ పూటే పెళ్ళయింది. బాలమ్ రాజు తర్వాత వాళ్ళిద్దరూ ముసలివాళ్ళయ్యేదాకా రాజ్యమేలారు.

పెళ్ళినాడే ఇష్‌నిక్ మైదానంలో ఒక రాయి నిలబెట్టించింది. అన్యాయం ఎవరికి జరిగిందో, ఎవరు చేశారో, ఎవరు చూస్తూ ఊరుకున్నారో అన్నీ చెక్కించింది. అడుగున, వాళ్ళ లెక్కలో తేదీ కూడా: ఇంచుమించు నాలుగేసి వందల ఏళ్ళ బక్తూన్లు తొమ్మిది, ఇరవయ్యేసి ఏళ్ళ కతూన్లు పదమూడు నిండిన రోజు, రోజు పేరు ఎనిమిది అహావ్, నెల లెక్కలో ఎనిమిది ఉవో.