రాతి గుర్తులు

చిదంబర స్వామి ఈ ఏడు చెప్పిన మాటను మరుసటి ఏడు అదే తీరున చెప్పేవారు కారు. ఎదుట కూర్చున్న మనిషిని బట్టి మాట మార్చేవారు. శిష్యుడు మార్కండేయులుకు ఇది కంటగింపుగా ఉండేది. స్వామికి ఎనభై దాటాయి, ఒంట్లో బాగుండటం లేదు. ఆయన పోతే మఠం ఏమైపోతుందోనని మార్కండేయులుకు నిజంగానే బెంగ. చివరికి ఒక ఉదయం రాళ్లు చెక్కే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు.

"స్వామీ, తమ ఉపదేశాన్ని శిల మీద చెక్కిస్తాను. తమ తర్వాత ఎవరూ ఒక్క అక్షరం మార్చకూడదు. ఏం చెక్కమంటారు?"

స్వామి ఆ పనివాడిని చాప మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, నాగులరేవు సంగతి ఎత్తుకున్నారు.

గోదావరి ఒడ్డున నాగులరేవు ఒకప్పుడు పెద్ద బేరాల ఊరు. కొండల నుంచి చింతపండు దిగేది, సముద్రం వైపు నుంచి ఉప్పు వచ్చేది. నదిలో ఎక్కడ చూసినా ఇసుక మేటలే. అయినా పడవలన్నీ అక్కడికే వచ్చేవంటే కారణం నూకయ్య. ఏటా వరద తీయగానే అతను గడతో లోతు చూసుకుంటూ పడవ దారికి రెండు వైపులా వెదుళ్లు పాతేవాడు. వాటి మధ్యగా వస్తే చాలు, పడవ క్షేమంగా ఒడ్డు చేరేది.

ఊరు బాగుపడింది. మేడలు లేచాయి. అంత ఊరి ముందు ఈ వంకర వెదుళ్లేమిటని వర్తకులకు నామోషీ అనిపించింది. వాళ్లలో పెద్దవాడు వాసన్నశెట్టి పూనుకుని, వాటి చోట పన్నెండు రాతి స్తంభాలు నిలబెట్టించి, మీద తాతల పేర్లు చెక్కించాడు.

"ఏరు ఏటేటా దారి మారుద్దండి శెట్టిగారూ. వెదురైతే పీకి మళ్లీ పాతుతాను. రాతినేం చేసేదండీ?" అన్నాడు నూకయ్య.

"నీకిక ఆ శ్రమ లేకుండా చేశాంగా," అన్నాడు శెట్టి.

రెండేళ్లు బాగానే గడిచాయి. మూడో వరదకు నది అవతలికి జరిగింది. స్తంభాల నడుమ నమ్మకంగా వస్తున్న శెట్టిగారి ఉప్పు పడవే మేట ఎక్కి ఒరిగిపోయింది. పడవవాళ్లు ఈదుకుని బతికారు, ఉప్పు ఏటిపాలైంది. నూకయ్య మళ్లీ వెదుళ్లు తెచ్చాడు. ఈసారి ఊరంతా అడ్డుపడింది. తాతల పేర్లున్న స్తంభాలను కాదని వేరే చోట వెదురు పాతితే, ఆ తాతలను తప్పుపట్టినట్టే కదా! నూకయ్య వెదుళ్ల మోపు ఎత్తుకుని ఎదురొడ్డుకు పోయాడు. పడవలూ అటే పోయాయి. ఐదారేళ్లలో నాగులరేవులో దీపం పెట్టే దిక్కు లేకపోయింది.

మార్కండేయులు రాళ్లు చెక్కే మనిషి వైపు ఒకసారి చూసి, స్వామి వైపు తిరిగాడు.

"మరి ఆ స్తంభాలు, స్వామీ?"

"అటుగా వెళ్లినప్పుడు చూశాను నాయనా. ఒక్క అక్షరం చెరగలేదు. చుట్టూ గొర్రెలు మేస్తున్నాయి."