ఒక అడ్డుకట్ట, రెండు సభలు

అనగా అనగా, వానలు ముఖం చాటేసిన ఓ ఏడాది, ఓ అడవి.

ఆ అడవిలో మృగరాజు తనంతట తాను చట్టం చేసేవాడు కాడు. వాగు ఒడ్డున దిగువ సభ ఉండేది. ప్రతి మందా ఒక ప్రతినిధిని ఎన్నుకుని అక్కడికి పంపేది. గుట్ట మీద ఎగువ సభ ఉండేది. అడవిలోని అన్ని ప్రాంతాల పెద్దలూ అందులో కూర్చునేవారు. రెండు సభలూ ఒప్పుకుంటేనే సింహం పంజా ముద్ర వేసేది. ముద్ర పడితేనే చట్టం.

ఆ వేసవిలో వాగు సన్నబడింది. ఏనుగులు తాగిపోయాక మిగిలేది బురదే. లేళ్ల ప్రతినిధి చారునేత్రకు కాలు నిలవడం లేదు. ఆమె కూన దాహంతో లేవలేక పడి ఉంది. వాగుకు అడ్డుకట్ట వేసి నీరంతా ఇక్కడే ఆపాలని ఆమె దిగువ సభలో బిల్లు పెట్టింది. తోక ఉన్న ప్రతివారూ మాట్లాడి, నానా గోల చేసి, చివరికి సరేనన్నారు.

చారునేత్ర గుట్ట ఎక్కింది. వాగు దిగువ నుంచి రావలసిన సభ్యురాలు ఇంకా రాలేదని, ఆగమని ఎగువ సభ నడిపే పెద్దతాబేలు చెప్పింది. ఆగడమా? ఆమె గుట్ట దిగి సింహం గుహకు పరుగెత్తింది.

సింహం నాలుకా ఎండిపోయే ఉంది. అయినా పంజా కదపలేదు.

"ఒక్క సభ మాటకు ముద్ర వెయ్యను తల్లీ," అన్నాడు మృగరాజు.

చారునేత్ర ఉసూరుమంటూ మళ్లీ గుట్ట ఎక్కింది. ఈసారి వాగు దిగువ సభ్యురాలు నీటికుక్క వచ్చి ఉంది. నడిచి నడిచి దాని కాళ్లు బొబ్బలెక్కాయి.

"ఇక్కడ నీరు ఆపితే కింద మా మడుగు ఎండిపోతుందక్కా. నాకూ పిల్లలున్నారు," అంది.

చారునేత్ర తల వాలిపోయింది. పెద్దలు బిల్లును సవరించారు: పగలు కట్ట వెయ్యాలి, పొద్దు గూకగానే తియ్యాలి. మార్చిన బిల్లుకు దిగువ సభ మళ్లీ ఒప్పుకోవాలి. ఆ కబురు మోసుకెళ్లవలసింది చారునేత్రే.

కింద వాగు ఒడ్డున అడవిపందులు అప్పటికే కట్ట కోసం రాళ్లు దొర్లిస్తున్నాయి. పైన ఉన్నదున్నట్టే ఒప్పేసుకున్నారని అబద్ధం చెప్పినా ఎవరూ అడగరు. కూన పడుకున్న పొద వైపు ఆమె ఒకసారి చూసింది. తర్వాత దిగువ సభ ముందు నిలబడింది.

"నా కూన కోసమే ఆ బిల్లు తెచ్చాను. కింద ఇంకో తల్లి ఉందని ఆలోచించలేదు. తప్పు నాదే. సవరణకు ఒప్పుకోండి," అంది.

అడవిపందులు గొణిగాయి. కానీ సభ ఒప్పుకుంది. పంజా ముద్ర పడింది. మధ్యాహ్నానికి కట్ట వెనుక నీరు నిలిచింది, కూన కడుపారా తాగి లేచి నిలబడింది. పొద్దు గూకగానే కట్టలోంచి మొదటి రాయిని తోసింది చారునేత్రే.

నీతి: మన దాహంతో పాటు పొరుగువారి దాహాన్నీ విన్నాకే ఏ మాటైనా చట్టం కావాలి.