ఒక్కబంతి గురుద్వారా: ఏటా కట్టి కూల్చే గోడ కథ

మంజీర ఒడ్డున బస్సు దిగగానే పసుపుపచ్చని జెండా ఒకటి కనిపిస్తుంది. దాన్ని మేము నిషాన్ సాహెబ్ అంటాము. అదే ఒక్కబంతి గురుద్వారా. దారిలో ఒక ప్రభుత్వ శాఖవారు నాటిన బోర్డు మీద 'పురాతన మందిరము, దేవుని విగ్రహము దర్శనీయము' అని ఉంటుంది. దాన్ని నమ్మి కొబ్బరికాయలతో వచ్చి వెదుక్కోవద్దు. ఇక్కడ విగ్రహం లేదు. మా పవిత్రగ్రంథం గురుగ్రంథ్ సాహెబ్ ఉంది. బోర్డు మార్చమని అడిగి అడిగి మా నోళ్ళు నొచ్చాయి. 'అదీ ఇదీ ఒకటే కదండీ' అని నవ్వి పంపుతున్నారు. ఒకటే అయితే మేము చెప్పినట్టు రాయడానికి వారికొచ్చిన నష్టమేమిటో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

మా తలపాగాలు చూసి 'మీది ఏ ఊరు?' అని అడిగే యాత్రికులకు కూడా ఇక్కడే జవాబు చెబుతున్నాము. మాది ఈ ఊరే. మా ముత్తాతల బూడిద ఈ మంజీరలోనే కలిసింది. మా ఇళ్ళలో తెలుగే మాట్లాడుతాము, పిల్లలను తెలుగులోనే తిడతాము. ఇంకా ఏ ఊరు చెప్పమంటారు?

వైశాఖి పండుగకు ముందురోజు ఇక్కడి లంగరు నడుమ, అంటే అందరూ కూర్చుని తినే చోటు నడుమ, మట్టితో నిలువెత్తు గోడ కడతారు. ఆ పూట పొయ్యి వెలిగించరు. మరునాడు అర్దాస్ ప్రార్థన ముగిశాక వచ్చినవారందరూ ఆ గోడను చేతులతో కూలుస్తారు. ఆ మట్టితోనే పొయ్యి అలుకుతారు. ఫొటోలు తీసుకునేవారు చాలామంది ఉన్నారు కానీ, కూల్చేదాన్ని అసలు కట్టడం దేనికని అడిగేవారు తక్కువ. అడిగిన ఆ కొద్దిమంది కోసం ఈ పుస్తకం.

పూర్వం ఈ చోటును చవిటిగడ్డ అనేవారు. గడ్డి మొలవదు, నీరు నోట పెట్టలేము. దక్కను నవాబు కొలువులో పనిచేయడానికి ఉత్తరాది నుంచి వచ్చిన సిక్కు పటాలాన్ని ఆ రోజులలో ఒకసారి రద్దు చేశారు. యుద్ధం ఉన్నంతకాలం సింహాలని పిలిచినవారే, అవసరం తీరాక పోయి ఎక్కడైనా బతకమన్నారు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అన్న సామెత అలాంటివారి కోసమే పుట్టి ఉంటుంది. అలా రోడ్డున పడ్డవారిలో హీరాసింగ్ అనే సిపాయి, అతని భార్య బసంత్ కౌర్ ఉన్నారు. నది దాటబోతూ హీరాసింగ్ జ్వరంతో చవిటిగడ్డ మీద పడిపోయాడు.

గొల్ల ఐలయ్య మేకలు ఆ రోజు ఎంత అదిలించినా గడ్డ దిగలేదు. ఎందుకో చూద్దామని పైకి వెళ్ళిన ఐలయ్యకు ఈ దంపతులు కనిపించారు. అతను మేకపాలు పితికి పోశాడు. హీరాసింగ్ జ్వరం తగ్గాక, ఐలయ్యకు రొట్టె చేసి పెట్టడానికి బసంత్ కౌర్ పొయ్యికోసం గుంత తవ్వితే అందులో తియ్యని నీరు ఊరింది. దాన్ని మహిమ అని కొందరు రాశారు, మేమూ కాదనము. కరువుకాలంలో వచ్చినవారందరికీ ఆ దంపతులు జొన్నరొట్టె పెట్టడం అంతకంటే పెద్ద మహిమ. కాపులు, సాలెలు, దర్గా ఫకీర్లు, మాదిగలు ఎవరు వచ్చినా ఒకటే బంతి. ముందు వచ్చినవాడు ముందు కూర్చునేవాడు. 'బంతిలో వలపక్షం కూడదు' అని మన ఊళ్ళలో ప్రతి పెద్దమనిషీ అంటాడు. బంతిలోకి ఎవరిని రానివ్వాలన్నది మాత్రం ముందే తేల్చుకుని అంటాడు.

ఆ పెద్దమనుషులలో మొదటివాడు ఆ ప్రాంతపు దేశ్‌ముఖ్ అనంతరావు. తన కాపులు మాదిగల పక్కన కూర్చుని తింటున్నారని జిల్లా అధికారి తాలూక్‌దారుకు ఫిర్యాదు చేశాడు. తాలూక్‌దారు హీరాసింగ్‌ను పిలిపించి, హిందువువైతే హిందువుల ఆచారం పాటించు, ముసల్మానువైతే ముసల్మానులు భోజనానికి పరిచే దస్తర్‌ఖాను వేరేగా వేయించు అన్నాడు. నేను సిక్కును అని హీరాసింగ్ చెప్పాడు. అలాంటి లెక్క మా దగ్గర లేదన్నారు. నడుమున ఉన్న కిర్పాణ్ కత్తి తీసి పెట్టమన్నారు. అది వట్టి ఆయుధం కాదు, అమృత దీక్ష పుచ్చుకున్న సిక్కుకు ధర్మమని అతను నిరాకరించాడు. ధిక్కారమని అతన్ని కోటలోని జైలుకు పంపారు. ఇదీ అతను చేసిన నేరం.

వానాకాలం వెళ్ళింది. చలికాలంలో తాలూక్‌దారు స్వయంగా చవిటిగడ్డకు వచ్చి బసంత్ కౌర్‌తో బేరం పెట్టాడు. లంగరు నడుమ గోడ కట్టాలి. పెద్దకులాలు ఇవతల, తక్కినవారు అవతల కూర్చోవాలి. అవతలికి వెళ్ళిన చేయి ఇవతల వడ్డించకూడదు. గోడ లేచిన వారానికి నీ భర్త ఇంట్లో ఉంటాడు అన్నాడు.

ఆమె ఒప్పుకుంది. ఆమెను ఎవరూ తప్పుపట్టవద్దు. పక్క గ్రామాలలో స్థిరపడిన సిక్కు సిపాయిలు వచ్చి మట్టి తొక్కి గోడ కట్టారు. మాకు సేవ అంటే పూనకం. ఏది కట్టమన్నా వాహెగురు అంటూ తట్ట ఎత్తుకుంటాము, ఎందుకోసం కడుతున్నామో తరువాత ఆలోచిస్తాము. గోడ ఎవరు కట్టించినా రొట్టె రొట్టేనని వారు తమకు తాము చెప్పుకున్నారు.

మరునాడు వడ్డనకు బసంత్ కౌర్ ఒక్కతే. అవతలికి వెళ్ళకూడదు కాబట్టి రొట్టెలను గోడ మీదుగా విసిరింది. ఒక రొట్టె దుమ్ములో పడింది. ఎల్లవ్వ అనే మాదిగ ముసలమ్మ దాన్ని తీసి, దులిపి, గోడ మీద పెట్టింది.

"బీబీ, నీ పెనిమిటి రావాలె. నేను కాదన. గని ఇసిరిన రొట్టె కుక్కలు తింటయి. నాకు ఆకలైతలేదు, పోతున్న" అంది.

ఆమె వెంట అవతలివారందరూ లేచి వెళ్ళిపోయారు. ఇవతలివారు మాత్రం కడుపునిండా తిని త్రేన్చి వెళ్ళారు. వారిలో ఒక్కడూ లేవలేదు. ఆ త్రేన్పులు తలచుకుంటే మాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం పొయ్యి దగ్గరే బసంత్ కౌర్‌కు కునుకు పట్టింది. కలలో ఏ మహాత్ముడూ రాలేదు. ఆమే గోడ అవతల చేతులు చాపి కూర్చుని ఉంది. పైనుంచి రొట్టె వచ్చి ఒళ్ళో పడింది. ఎవరు విసిరారా అని చూస్తే గోడ మీద తన ముఖమే కనిపించింది. అంతలో 'ముందు నువ్వు తిను, తరువాత పెట్టు' అన్న మాట వినబడింది. లేచి ఆ దుమ్ము రొట్టె తినబోయింది. గొంతు దిగలేదు. అప్పుడు ఆమె వట్టి చేతులతో గోడ పెళ్ళగించడం మొదలుపెట్టింది. అది కూలితే భర్త రాడని ఆమెకు తెలుసు. తెలిసే కూల్చింది. గోళ్ళు ఊడి నెత్తురు కారుతుంటే ఐలయ్య వచ్చి చేయి వేశాడు. గోడ కట్టిన సిపాయిలూ తలవంచుకుని వచ్చి చేతులు వేశారు. ఆమె ఎల్లవ్వ గుడిసెకు పోయి, చేయిపట్టుకుని తీసుకువచ్చి బంతిలో మొదట కూర్చోబెట్టింది.

దేశ్‌ముఖ్ మనుషులు వచ్చి లంగరు మీది పందిరి పీకారు. బంతి ఎండలోనే సాగింది. బసంత్ కౌర్ ఐలయ్యను కోటకు పంపింది. జరిగినదంతా చెప్పి, క్షమించమని భర్తను అడిగి రమ్మంది. ఐలయ్య వెళ్ళి జైలు కావలివాడిని అడిగాడు. హీరాసింగ్ వానాకాలంలోనే జైలు జ్వరంతో చనిపోయాడని కావలివాడు చెప్పాడు. అంటే తాలూక్‌దారు వచ్చి బేరమాడింది చచ్చినవాడి ప్రాణం మీద. ఆ సంగతి అతనికి తెలిసి ఉండదని వాదించే చరిత్రకారులు ఉన్నారు. మంచిది. తన జైలులో ఎవడు బతికాడో, ఎవడు చచ్చాడో తెలియనివాడు, మా బంతిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించడానికి వచ్చాడన్న మాట.

ఐలయ్య చెప్పింది విని కూడా ఆమె పిండి పిసకడం ఆపలేదు. ఒకే మాట అంది.

"అయితె గోడ కట్టిన సంగతి ఆయనకు తెల్వకుంటనే పోయిండు. గంతే చాలు."

నాటి నుంచి చవిటిగడ్డ పేరు పోయి ఈ చోటు ఒక్కబంతి అయింది. గోడ కట్టింది మా చేతులే కనుక ఏటా మా చేతులతోనే కట్టి, ఆ పూట పస్తుంటాము. మొదటి పెళ్ళ తీసే హక్కు నేటికీ ఎల్లవ్వ సంతతిదే. నిరుడు ఒక పెద్ద అధికారి వచ్చినప్పుడు, సార్‌కు లోపల విడిగా కుర్చీ, బల్ల వేయమని ఆయన పరివారం అడిగింది. కింద కూర్చోలేనంత మోకాళ్ళ నొప్పి ఆయనకు లేదని మెట్లెక్కినప్పుడే చూశాము. వేయలేదు. ఆయన కోపంగా వెళ్ళిపోయారు. మా కోపం ఆయనకంటే పాతది.

ఈ గోడను కూల్చితే సంతానం కలుగుతుందని, కోర్టు తగాదాలు తీరుతాయని బయట చెప్పుకుంటారు. ఆ మాట మేము ఏనాడూ చెప్పలేదు. బసంత్ కౌర్ గోడ కట్టినా భర్త రాలేదు, కూల్చినా రాలేదు. అందుచేత ఇక్కడ ముడుపులు లేవు, మొక్కులు లేవు. బేరమాడి ఒకసారి మోసపోయిన చోటు ఇది, దేవుడితో కూడా ఇక్కడ బేరం లేదు. లంగరు తెల్లవారింది మొదలు పొద్దుగూకే దాకా ఉంటుంది. తలకు గుడ్డ కట్టుకుని, చెప్పులు బయట విడిచి రండి. పక్కన ఎవరు కూర్చున్నా తినగలిగితే మీకు సకల శుభాలూ కలుగుగాక. తినలేకపోతే బస్టాండు పక్కన హోటళ్ళు ఉన్నాయి.