నల్లకొండ నాటు తుపాకులు

అనగనగా ఒక మహారణ్యం ఉండేదర్రా. అందులో తొమ్మిది కొండలు. ప్రతి కొండకూ ఒక పెద్ద, అందరి మీదా మృగరాజు. కొండ లోపలి సంగతులు కొండపెద్ద చూసుకోవాలి. కొండకూ కొండకూ నడుమ వచ్చేవి మృగరాజు చూడాలి. పూర్వం నుంచీ ఉన్న ఒప్పందం అది.

నల్లకొండకు సోమాలమ్మ అనే దుప్పి పెద్ద. ఏటా ఎండాకాలం దుమ్ములగొండ్ల గుంపు ఆ కొండెక్కి పసికూనలను ఎత్తుకుపోయేది. మృగరాజుకు కబురు పంపితే, సైన్యం వచ్చేసరికి వానలు పడేవి. చివరికి కంబయ్య అనే ఎలుగుబంటి కొలిమి పెట్టి, ఆ కొండ ఇనుముతోనే నాటు తుపాకులు చేశాడు. ప్రతిదాని మీదా నల్లకొండ ముద్ర ఉండాలని, ఏదీ కొండ ఎల్ల దాటకూడదని సోమాలమ్మ కట్టుబాటు పెట్టింది. ఆ తర్వాత రెండేళ్ళు ఒక్క కూన కూడా పోలేదు.

అప్పుడు రాజధాని నుంచి కొంగ ఒక ఆజ్ఞ తెచ్చింది. అరణ్యంలో ఏ తుపాకీకైనా రాజముద్ర ఉండాలట. లేనివి అప్పగించాలట. ముద్ర కావాలంటే పది రోజులు నడిచి వెళ్ళి, వంతు వచ్చేదాకా కాచుకుని కూర్చోవాలి.

కొండంతా భగ్గుమంది. ఇక్కడి ఇనుముతో చేసి ఇక్కడే వాడుకునే వస్తువు మీద రాజుగారి పెత్తనం ఏమిటన్నారు. సోమాలమ్మకూ అదే న్యాయమనిపించింది. ఆ మాటే మర్యాదగా చెప్పి కొంగను పంపేసింది.

కొంగ మళ్ళీ వచ్చింది, ఈసారి గడువు పెట్టి. కుర్ర దుప్పులు కొన్ని దాని మీదికి తుపాకులెత్తాయి. సోమాలమ్మ వెళ్ళి ఆ గొట్టాలకు ఎదురుగా నిలబడింది. అవి దించేదాకా కదల్లేదు.

మూడోసారి కొంగ కాదు, చావు కబురు వచ్చింది. పక్క కొండలో ఎవరో ఒక జింకను కాల్చి చంపారు. ఎవరి తుపాకీయో అక్కడ ఎవరికీ తెలియదు. మర్నాడు ఒక అడవిపంది ఏడుస్తూ కంబయ్య కొలిమికి వచ్చాడు. తన తుపాకీని పక్క కొండ తోడేలుకు దుంపల కోసం ఇచ్చానని, వాడు దాంతోనే జింకను కాల్చాడని, ఇప్పుడే వెనక్కి తెచ్చానని ఒప్పుకున్నాడు.

కంబయ్య ఆ తుపాకీ పట్టుకుని సోమాలమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"ముద్ర అరగదీసేస్తాను పెద్దమ్మా. ఇది బయటపడితే ఉన్నవన్నీ పట్టుకుపోతారు. మళ్ళీ మన కూనల గతేమిటి?" అన్నాడు.

ఆమె ఆ పూట మేత ముట్టలేదు. సాయంత్రానికి అంది: "మన తుపాకులను మనమే ఏలుకుంటామన్నాం కదా కంబయ్యా. అలాంటప్పుడు ఈ చావు కూడా మనదే."

తుపాకీని వీపున కట్టించుకుని, పందిని వెంటబెట్టుకుని బయలుదేరింది. ముందు జింక తల్లి దగ్గరికి వెళ్ళి తల వంచి నిలబడింది. ఆ తల్లి ముఖం తిప్పుకుంది. అక్కణ్ణుంచి పది రోజులు నడిచింది సోమాలమ్మ. గిట్టలు పగిలాయి.

మృగరాజు సభలో తుపాకీ ముందు పెట్టి జరిగిందంతా చెప్పింది. అయినా తుపాకులు తీసుకోవద్దని, దుమ్ములగొండ్లు వచ్చే రోజులు దగ్గరపడ్డాయని వేడుకుంది.

"దాచి ఉంటే నాకు తెలిసేదే కాదు. ఎందుకు తెచ్చావు?" అన్నాడు మృగరాజు.

"దాచాక ఇక ఏ ముఖంతో మిమ్మల్ని హక్కు అడగను ప్రభూ?"

మృగరాజు ఆ పగిలిన గిట్టల వంక చూశాడు. తర్వాత తీర్పు చెప్పాడు. కొండ లోపల నల్లకొండ ముద్ర చాలు. ఎల్ల దాటిన తుపాకీ రాజు చట్టం కిందికి వస్తుంది. ఎల్ల దగ్గర రాజు సైన్యమూ నల్లకొండవాళ్ళూ కలిసి కాపలా ఉంటారు. పందికీ తోడేలుకూ శిక్ష రాజసభే వేస్తుంది.

తిరిగొచ్చాక, రాజు కాపలాను మన గడపకు తెచ్చావని కొందరు ఆమెను తిట్టారు. ఆ ఎండాకాలం దుమ్ములగొండ్లు వచ్చాయి. తుపాకులు మోగాయి. కూనలన్నీ దక్కాయి.

మరుసటి ఏడు మిగతా కొండపెద్దలూ అదే హక్కు కావాలని సభకు వచ్చారు. మృగరాజు ఒక్కొక్కరినీ ఒకటే అడిగాడు: "మీ తుపాకీ ఎవరినైనా చంపితే, పది రోజులు నడిచొచ్చి నాకు మీరే చెబుతారా?"

ముగ్గురు చెబుతామన్నారు. మిగిలినవాళ్ళు ఆలోచించుకుని వస్తామని వెళ్ళిపోయారు.

నీతి: అధికారం మాదే అనేవాళ్ళు, దానివల్ల జరిగిన తప్పు కూడా మాదేనని ముందుగా ఒప్పుకోగలగాలి.